మీటరు మీద పేరు

పెళ్ళయి ఏలూరు వచ్చిన నెల తిరక్కుండానే లక్ష్మీప్రసన్న ఆ ఇంట్లో సంతోషపడటానికి పద్దెనిమిది సంగతులు కనిపెట్టింది. పొద్దున్నే వంటింటి గట్టు మీద పడే చారెడు ఎండ ఒకటి. పెరట్లో పంపు తిప్పగానే నీళ్ళకన్నా ముందు వచ్చే ఏనుగు ఘీంకారం ఒకటి. పవర్‌పేట స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినపడగానే "అయ్యో, నా బండి!" అంటూ ఒంటికాలి చెప్పుతో పరుగెత్తే మొగుడు ఒకటి.

ఆ మొగుడు కృష్ణచైతన్య. తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగం, రోజూ ప్యాసింజరులో రాకపోకలు. భీమడోలు దాటగానే ఫోన్ చేసి "బాక్సులో ఏం పెట్టారండీ?" అంటాడు. "మూత తీస్తే తెలుస్తుందండీ" అంటుంది ఆమె. అత్తిలిలో డిగ్రీ చదివే రోజుల్లో, మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తానని స్నేహితురాళ్ళతో పందెం కాసిన పిల్ల. తీరా వచ్చాక "ఏవండీ" అనడంలోని తమాషా తెలిసి, పనున్నా లేకున్నా రోజుకు నలభై సార్లు అంటోంది. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం "చైతన్యా" అని పిలిచి, ఆ పేరు పటికబెల్లంలా కాసేపు నోట్లోనే ఉంచుకుంటుంది.

పంతొమ్మిదో సంగతి, కరెంటు బిల్లు తీసే పాపారావు మొదటిసారి వచ్చిన రోజున దొరికిందనుకుంది.

"నరసరాజు గారూ! బిల్లండీ!" గేటు దగ్గర కేక.

నరసరాజు ఆమె మామగారు. పోయి ఐదేళ్ళయింది. హాల్లో దండ వేసిన పటంలో ఉన్నారు. కానీ లోపలి గదిలోంచి అత్తగారు సత్యవతి గారి గొంతు తడుముకోకుండా జవాబిచ్చింది. "ఆఁ, ఉన్నారు బాబూ! వస్తున్నా!"

ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన ఆక్సిజన్ మెషీను ఒకసారి బుస్సుమని, ఒకసారి టక్కుమని రోజంతా నడుస్తూ ఉండాల్సిందే. అలాంటి మనిషి ముక్కు దగ్గరి గొట్టం తీసి పక్కన పెట్టి, గోడ పట్టుకుని, మెల్లగా గేటు దాకా వెళ్ళారు. పాపారావు తొందరపడకుండా నిలబడ్డాడు. ఆవిడ చీటీ అందుకుని, పైవరస మీద వేలు పెట్టి, పెదవులు కదలకుండా చదువుకుని, మడిచి మామగారి పటం కింద సొరుగులో పెట్టారు. సొరుగు నిండా అవే చీటీలు.

"ఎవరున్నారండీ అత్తయ్యగారూ?" అంది ప్రసన్న నవ్వాపుకుంటూ.

ఆవిడ మంచం మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని చెప్పారు. "మీ మావయ్యగారు నెలలో ఇరవై రోజులు ఆకివీడు అవతల చేపల చెరువుల దగ్గరే ఉండేవారమ్మా. ఇంట్లో నేనూ, చంటాడూ. ఎవరొచ్చి పిలిచినా ఉన్నారనే చెప్పు, మగదిక్కు లేదని తెలియకూడదు అని వారే నేర్పారు. అదలా నోటికి పట్టేసింది."

"మరి మావయ్యగారి పేరు మీరెప్పుడూ అనలేదాండీ?"

"అయ్యో, తప్పు కదూ!"

"ఒక్కసారి కూడా?"

"రేషన్ కార్డు వాళ్ళు అడిగితే పక్కింటి సుబ్బాయమ్మ గారిని కేకేసి ఆవిడ చేత చెప్పించాను."

ప్రసన్న పకపకా నవ్వింది. అత్తగారూ నవ్వారు, దగ్గు వచ్చేదాకా. దగ్గు తగ్గాక మాత్రం ఇంకో మాట అన్నారు. "ఆ రోజూ అంతేనమ్మా. చెరువుల మీంచి నలుగురు మనుషులొచ్చి గేటు దగ్గర పేరు పెట్టి పిలిచారు. ఉన్నారండీ అన్నాను. వాళ్ళు తలలు దించేసుకున్నారు." గొట్టం మళ్ళీ ముక్కుకు పెట్టుకుని, "ఇప్పుడీ ఇంట్లో ఆ పేరు వినపడేది నెలకోసారే. వీడు నాన్నగారంటాడు, చుట్టాలు పెద్దరాజు గారంటారు. పేరు పిలిచేవాడు పాపారావొక్కడే" అన్నారు.

ప్రసన్న తన లెక్కలోంచి ఆ పంతొమ్మిదో సంగతిని చప్పుడు చేయకుండా తీసేసింది.

వేసవి వచ్చింది. చెట్ల కొమ్మలు కొట్టడానికనో, తీగలు మార్చడానికనో కరెంటు తీసేసిన రోజుల్లో ఆక్సిజన్ మెషీను కీచుమని కూత పెట్టి ఆగిపోయేది. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు ఫ్యాన్లను లాగుతుందే గాని మెషీనుకు పెడితే పావుగంటలో చేతులెత్తేసేది. అప్పుడు సిలిండరు తెరవాలి. దాని మాస్కు ముక్కుకు పెట్టుకున్నప్పుడల్లా అత్తగారి కళ్ళు బెదురుగా అటూ ఇటూ తిరిగేవి. సిలిండరు ముల్లు ఎర్రగీత వైపు జారుతుంటే ప్రసన్న వీధిలోకీ మంచం దగ్గరకూ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. గూడెంలో కౌంటరు వదిలి రాలేక చైతన్య ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేసేవాడు. "వచ్చిందాండీ?" "ఇంకా లేదండీ."

ఒక ఆదివారం చైతన్య ఆమెను కొల్లేరు చూపిస్తానని తీసుకెళ్ళాడు. నీళ్ళు లోపలికి లాగేసి, ఎక్కడ చూసినా చెరువు గట్లే. ఒకప్పుడు మామగారు చూసుకున్న చెరువు గట్టు మీద కాపలా షెడ్డు ఉంది. అందులో ఏసోబు అనే ముసలి కాపలాదారు ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ కరెంటు ఉందా తాతా?" అంది ప్రసన్న ఆశ్చర్యంగా.

"కరెంటా! ఇక్కడికి స్తంభమే లేదమ్మగారూ. అదిగో, పైనున్నాడు మా లైన్‌మాన్. పొద్దున్నే డ్యూటీ ఎక్కేస్తాడు, లంచం అడగడు," అని ఏసోబు రేకు మీది సోలార్ పలకనూ, దాని మీది సూర్యుణ్ణీ చూపించాడు.

ప్రసన్న ఆ ఫ్యాను వంక, అమ్మవారి వంక చూసినట్టు చూసింది. తిరిగి వస్తూ బైకు మీద మొగుడి వీపుకు గడ్డం ఆనించి, "ఏవండీ! మన మేడ మీదా పెట్టించేద్దామండీ. ఇన్వర్టరైనా కరెంటుంటేనే నిండుతుంది. సూర్యుడికి కోతేముందండీ?" అంది. ఆ మధ్యాహ్నం తోవ పొడుగునా అదే మాట. చైతన్యకు లెక్కలు తెలుసు గాని తీగలు తెలియవు. అతనికీ అది నిజమే అనిపించింది.

భీమడోలులో సోలార్ పనులు చేసే నెల్సన్ వచ్చి మేడ కొలిచి, ఎండ ఎటునుంచి వస్తుందో చూసి, "ఆయ్, బ్రహ్మాండంగా పెట్టొచ్చండి" అన్నాడు. దరఖాస్తు పని ప్రసన్న మీదేసుకుంది. కంప్యూటరు ముందు పరీక్ష రాసినట్టు కూర్చుని, మీటరు నంబరు కొట్టింది. తెర మీద పేరు వచ్చింది. కలిదిండి నరసరాజు. దరఖాస్తుదారు ఆయనేనా?

అక్కడ ఆగింది. కనెక్షను ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే అడగాలి. నగరపాలక సంస్థలో ఇంటి పన్ను కూడా మామగారి పేరు మీదే ఉంది. ముందు అది మారాలి, ఆ కాగితంతో కనెక్షను పేరు మారాలి, ఆ తరవాతే మేడ మీదికి అనుమతి. దానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, వీటన్నిటితోపాటు భార్య సమ్మతి.

"అమ్మనేం అడుగుతామండీ, వదిలేయండి," అన్నాడు చైతన్య, తల తుడుచుకుంటున్న తువ్వాలు చాటునుంచి మొహం బయటికి పెట్టకుండా.

ప్రసన్నే అడిగింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"అయితే బిల్లు మీద వారి పేరుండదా?"

"ఉండదండీ."

"రెండూ వేయరా అమ్మా? పైన వారిదీ, కింద వీడిదీ?"

"వేయరండీ అత్తయ్యగారూ."

"పాపారావు ఏమని పిలుస్తాడు?"

ప్రసన్న మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కరెంటు పోయినా మీ మెషీను ఆగదండీ. నాది పూచీ. నేను కళ్ళారా చూసొచ్చాను, స్తంభమే లేని చోట ఫ్యాను గిర్రున తిరుగుతోంది."

"నా ఊపిరి కోసం కాదమ్మా," అన్నారు ఆవిడ. "కరెంటు పోయినప్పుడల్లా నీ మొహం చూడలేకపోతున్నాను. కొత్త పెళ్ళికూతురి మొహమా అది? కానీయండి."

ఇంటి పన్ను పేరు మారడానికి రోజులు పట్టింది. అది చేతికొచ్చాక అత్తాకోడళ్ళు ఆటోలో వార్డు సచివాలయానికి వెళ్ళారు. అక్కడ కరెంటు పనులు చూసే గ్రేస్ అనే అమ్మాయి కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి సర్దుకుంది. ప్రసన్న వయసే ఉంటుంది. అత్తగారి ఆయాసం చూసి, ఫ్యాను ఇటు తిప్పి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు అడిగింది.

"అమ్మగారూ, కనెక్షను ఇప్పుడు ఎవరి పేరు మీదుందండీ?"

అత్తగారు కోడలి వంక చూశారు.

"మా మావయ్యగారండీ, నరసరా..."

"మీరు కాదండీ," అంది గ్రేస్ మర్యాదగానే. "అమ్మగారు చెప్పాలి. రూలేం కాదండి, ఇది నా పద్ధతి. ఒకసారి ఓ కొడుకు తల్లికి తెలియకుండా మార్పించేసుకున్నాడు. ఆవిడ తరవాత వచ్చి ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చిందండి. అప్పటినించీ పెద్దవాళ్ళ నోట వినందే కాగితం కదపను."

"కాగితం మీద ఉంది కదమ్మా," అన్నారు అత్తగారు.

"ఉందండీ. మీకు తెలిసే చేస్తున్నారని నాకు తెలియాలి కదండీ."

"మా అత్తయ్యగారు వారి పేరు అనరండీ," అంది ప్రసన్న మెల్లగా.

గ్రేస్ కు అర్థమైంది. "మా అమ్మమ్మా అంతేనండి. పోనీ, రాసి చూపించేయండి అమ్మగారూ." కలం, తెల్లకాగితం ముందుకు జరిపింది.

అత్తగారు కలం పట్టుకున్నారు. కాగితం మీద చుక్క పడింది, అక్షరం పడలేదు. కలం కింద పెట్టేసి, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకున్నారు.

"వద్దులేమ్మా. సాగనంపేటప్పుడైనా నోరారా పిలవాలి కదా," అన్నారు. తరవాత కళ్ళు మూసుకుని, ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఏనాడూ అనని పేరును, ఇంటిపేరుతో సహా అన్నారు. "కలిదిండి నరసరాజు గారు."

గ్రేస్ తల దించుకుని రాసుకుంది. ఆ గదిలో ఇంకెవరూ వినలేదు. పక్క బల్ల దగ్గర ఎవరో పింఛను గురించి గట్టిగా వాదిస్తున్నారు.

బయటికి రాగానే ప్రసన్న సంబరంగా రెండు గ్లాసుల చెరుకు రసం పట్టించింది. పని అయిపోయింది మరి! అత్తగారు గ్లాసు చేత్తో పట్టుకుని ఆటో ఎక్కారే గాని తాగలేదు. ఆటో మలుపు తిరుగుతుంటే రసం ఒలికి చీర కుచ్చిళ్ళ మీద పడింది. అదీ చూసుకోలేదు.

"ఇన్నేళ్ళకి అన్నాను," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "వారికి వినపడే వీలు లేనప్పుడు."

పేరు మారింది, అనుమతి వచ్చింది, ప్యానెళ్ళు వచ్చాయి. నెల్సన్ మనుషులు ఆరు పలకలు మేడ మీదికి ఎక్కించారు. ప్రసన్న మొదటి పలకకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ నల్లటి అద్దంలో తన మొహం, వెనకాల మొగుడి మొహం, ఇద్దరి వెనకాలా ఒక మబ్బు. "ఏవండీ, కదలకండీ!" అని ఫోటో తీసింది. మెట్లెక్కలేని అత్తగారికి ఆ ఫోటో చూపిస్తే ఆవిడ దూరంగా పట్టుకుని చూసి, "బాగున్నారమ్మా ఇద్దరూ" అన్నారు. కరెంటాఫీసు వాళ్ళు కొత్త మీటరు బిగించి, సీలు వేసి వెళ్ళారు. ఆ సాయంత్రం ప్రసన్న సొరుగులోని పాత చీటీలన్నీ వరసగా పేర్చి, రిబ్బను కట్టి, అత్తగారి దిండు పక్కన పెట్టింది. మంచి పని చేశాననుకుంది.

సరిగ్గా తొమ్మిదో రోజు, పట్టపగలు, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ కరెంటు పోయింది.

ఫ్యాను నెమ్మదించింది. మెషీను కీచుమంది. ప్రసన్న భయపడలేదు. చేతిలో బెండకాయ అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడి, చిన్నపిల్లకు బొమ్మ చూపించబోయేదానిలా నవ్వింది. "ఇప్పుడు చూడండి అత్తయ్యగారూ."

ఆవిడ చూశారు. ఇద్దరూ ఫ్యాను వంకే చూశారు. రెక్కలు ఇంకో చుట్టు తిరిగి, ఆగిపోయాయి.

"ఏదమ్మా?" అన్నారు అత్తగారు.

ప్రసన్న మేడ మీదికి పరుగెత్తింది. గచ్చు కాలిపోతోంది, చెప్పుల్లేవు. ఆరు పలకలూ కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. వాటి మీద లేనిదల్లా నీడ ఒక్కటే. కిందికి దూకినట్టు దిగి, అలవాటైన చేతులతో సిలిండరు తెరిచి, మాస్కు అత్తగారి ముక్కుకు పెట్టి, అప్పుడు నెల్సన్ కు ఫోన్ చేసింది.

"మీ పలకలు పని చేయడం లేదండీ! కరెంటు పోయింది, ఏమీ రావడం లేదు!"

"లైను పోయిందాండి? అయితే రాదండి. లైను పోతే మనదీ ఆగిపోద్దండి."

"ఆగిపోవడం ఏంటండీ?"

"ఆగాలండి మేడమ్. లేకపోతే మన మేడ మీది కరెంటు తీగల్లోకి ఎల్లి, స్తంభం ఎక్కినోణ్ణి కొట్టేత్తదండి. లైను రాగానే మనదీ వచ్చేత్తదండి."

"మరి ఆకివీడు దగ్గర, చెరువు గట్టు మీద షెడ్డులో... అక్కడ స్తంభమే లేదండీ!"

"అది బ్యాటరీదండి. దానికి లైనుతో పనే లేదు, అనుమతులూ అక్కర్లేదు. మీరు పెట్టించింది లైనుతో కలిసుండేది. కాగితంలో రాసుందండి. పోయినప్పుడు కావాలని మీరు అడగలేదు కదండీ నన్ను."

అడగలేదు. అడగాలని తోచనే లేదు. కాగితాల్లో మూడో పేజీలో ఉంది ఆ మాట. కరెంటు లైనుతో అనుసంధానం. పరీక్షకు చదివే పిల్లలా దాని కింద పెన్సిలుతో గీత కూడా గీసింది, అదేదో మంచి సంగతి అనుకుని. ఒక కాపలా షెడ్డులో ఒక ఫ్యాను తిరగడం చూసి, సూర్యుడనేవాడు ఎక్కడైనా ఒకేలా పని చేస్తాడనుకుంది.

ఆమె వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కాలిన పాదాలు సలుపుతున్నాయి.

"అత్తయ్యగారూ, తప్పు నాదేనండీ. కరెంటు పోతే అదీ రాదట. నేను సరిగ్గా చదవలేదు."

ఆవిడ మాస్కు వెనకనుంచి రెండు మూడు ఊపిర్లు తీసుకున్నారు. కోప్పడతారేమోనని ప్రసన్న ఎదురుచూసింది. కోప్పడితే బాగుండునని కూడా అనుకుంది. ఆవిడ మాస్కు కొంచెం పక్కకు జరిపి అడిగారు.

"అయితే మరి, వారి పేరు మళ్ళీ వేయించొచ్చా అమ్మా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తెచ్చిన చీర నప్పకపోతే కొట్టువాడు తిరిగి తీసుకుంటాడా అని అడిగినట్టుంది.

"వేయరండీ," అంది ప్రసన్న. "పోయినవారి పేరు మీద ఇవ్వరండీ."

"మరే," అన్నారు ఆవిడ. మాస్కు మళ్ళీ సర్దుకున్నారు.

ఆ వారంలోనే చైతన్య పెద్ద ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు తెప్పించాడు. కొట్టువాడు వచ్చి అరగంటలో బిగించి పోయాడు. ఏ కాగితమూ అడగలేదు. ఏ పేరూ అడగలేదు. "ఎక్కడ పెట్టమంటారండీ?" అని మాత్రం అడిగాడు. తరవాత కరెంటు పోయినా మెషీను ఆగలేదు. ఇది ముందే చేసుంటే అని ముగ్గురిలో ఎవరూ అనలేదు. అన్నం దగ్గర చైతన్య ఓసారి నోరు తెరిచాడు గాని, "పప్పు బాగుందండీ" అని ఊరుకున్నాడు. వంటింటి గట్టు మీద చారెడు ఎండ రోజూ పడుతూనే ఉంది. ప్రసన్న దాన్ని చూడగానే కిటికీ తలుపు మూసేస్తోంది.

మళ్ళీ బిల్లు రోజు వచ్చింది. ప్రసన్న పొద్దుటినుంచీ వీధిలోకి చూస్తూనే ఉంది. మలుపు దగ్గర పాపారావు బండి కనపడగానే గబగబా ఎదురెళ్ళింది.

"పాపారావు గారూ, ఒక సాయం చేయండి. చీటీ మీద ఏ పేరున్నా సరే, మీరు మాత్రం పాత పేరుతోటే పిలవండి. ఎప్పటిలాగే."

పాపారావు బండి ఆపి, సంగతి గ్రహించి తలూపాడు. "ఆయ్, దానికేముందండి. పదేళ్ళ అలవాటు. కొత్త పేరు నాకూ నోరు తిరగదు."

ఆమె ఆయాసపడుతూ ఇంట్లోకి వచ్చి, అత్తగారి గదిలో ఆరిన బట్టలు మడతపెడుతున్నట్టు నిలబడింది.

"నరసరాజు గారూ! బిల్లండీ!"

గోడవైపు తిరిగి పడుకున్న అత్తగారి వీపు కదిలింది. చెయ్యి పైకి లేచి గొట్టం దాకా వచ్చింది. ప్రసన్న చేతిలో చొక్కా సగం మడతలోనే ఉండిపోయింది.

మెషీను బుస్సుమంది. టక్కుమంది. చెయ్యి గొట్టాన్ని తీయలేదు. దాన్ని ముక్కు దగ్గర సరిగ్గా అమర్చుకుని, మళ్ళీ దిండు మీద, రిబ్బను కట్టిన చీటీల పక్కన వాలిపోయింది.

"నరసరాజు గారూ!" పాపారావు ఇంకా గట్టిగా పిలిచాడు.

"లేరు బాబూ," అన్నారు సత్యవతి గారు.

గట్టిగా అనలేదు. కొత్తవాళ్ళకు దారి చెప్పినట్టు, ఉన్నమాట ఉన్నట్టు అన్నారు. కిటికీ తెరిచే ఉంది, గేటు దాకా వినపడే ఉంటుంది. పాపారావు మూడోసారి పిలవలేదు. చీటీని గేటు ఊచల మధ్య దోపి, బండి స్టార్టు చేయకుండా, వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళిపోయాడు.